థెరిసా హారిస్: టైటిల్స్‌లో కనిపించని పేరు

1930, 1940 దశకాల హాలీవుడ్ సినిమాలు చూసేవారికి థెరిసా హారిస్ ముఖం పరిచయమే. పేరు మాత్రం తెలిసే అవకాశం తక్కువ. బార్బరా స్టాన్విక్, జింజర్ రోజర్స్, జీన్ హార్లో, బెట్టీ డేవిస్, మార్లీన్ డీట్రిచ్ వంటి అగ్రతారల పక్కన ఆమె నటించారు. 1929 నుంచి 1958 దాకా ఎనభైకి పైగా చిత్రాల్లో కనిపించారు. పాడగలరు, నాట్యం చేయగలరు, మాటలో చమత్కారం ఉంది, రూపం ఉంది. అయినా ఆమెకు దక్కినవి ఎక్కువగా పనిమనిషి పాత్రలు. వాటిలో చాలావాటికి తెర మీద పేరు కూడా వేయలేదు. కథానాయిక గదిలోకి వచ్చి కోటు అందుకుని వెళ్లిపోయే పాత్రలవి.

సినీ చరిత్ర ఆమెను చిన్న నటిగా లెక్కించింది. ఆ చిన్నతనం ప్రతిభను కొలిచి చెప్పినది కాదు, ఒక పరిశ్రమ రాసుకున్న నిబంధనల ఫలితం. ఆ నిబంధనలు రోజువారీగా ఎలా పనిచేశాయో తెలుసుకోవడానికి హారిస్ నట జీవితం మంచి ఉదాహరణ.

హ్యూస్టన్ నుంచి హాలీవుడ్‌కు

థెరిసా హారిస్ 1906 డిసెంబరు 31న టెక్సాస్ రాష్ట్రంలోని హ్యూస్టన్‌లో జన్మించారు. ఆమె చిన్నతనంలోనే కుటుంబం దక్షిణ కాలిఫోర్నియాకు తరలివెళ్లింది. అక్కడే చదువుకున్నారు, సంగీతం నేర్చుకున్నారు. నల్లజాతి కళాకారుల ప్రసిద్ధ నాటక బృందం లఫాయెట్ ప్లేయర్స్‌తో కలిసి 'ఐరీన్' అనే సంగీత నాటకంలో ప్రధాన పాత్ర పోషించారు. అంటే సినిమా గుమ్మం తొక్కేనాటికి ఆమె శిక్షణ పొందిన గాయని, రంగస్థల అనుభవం ఉన్న నటి.

1929లో జోసెఫ్ వాన్ స్టెర్న్‌బర్గ్ దర్శకత్వంలో వచ్చిన 'థండర్‌బోల్ట్' ఆమె తొలి చిత్రం. మూకీల కాలం ముగిసి టాకీలు నిలదొక్కుకుంటున్న సమయమది. హార్లెమ్ నైట్‌క్లబ్‌లో పాట పాడే గాయనిగా కొన్ని నిమిషాలు కనిపిస్తారు. తెరకు శబ్దం రావడంతో పాడగలిగిన నల్లజాతి కళాకారులకు కొత్త గిరాకీ ఏర్పడింది. అదే ఏడాది రెండు పెద్ద స్టూడియోలు నల్లజాతి తారాగణంతోనే 'హార్ట్స్ ఇన్ డిక్సీ', 'హల్లెలూయా' చిత్రాలు తీశాయి. తలుపు తెరుచుకుంటోందని చాలామంది ఆశపడ్డారు. అది తెరుచుకున్నది వంటింటి వైపు అని కొద్ది కాలానికే తేలిపోయింది.

1933: ఒకే ఏడాది మూడు పాత్రలు

హారిస్ శక్తి ఏమిటో చెప్పడానికి 1933 ఒక్కటి చాలు. ఆ ఏడాది వార్నర్ బ్రదర్స్, ఎంజీఎం, ఆర్‌కేఓ స్టూడియోలు తీసిన మూడు సినిమాల్లో ఆమె చెప్పుకోదగ్గ పాత్రలు చేశారు.

మొదటిది ఆల్ఫ్రెడ్ ఇ. గ్రీన్ దర్శకత్వం వహించిన 'బేబీ ఫేస్'. పెన్సిల్వేనియాలో ఒక పారిశ్రామిక పట్టణం. అక్కడ దొంగచాటు సారా దుకాణం నడిపే తండ్రి, అతని కింద నలిగిపోయే కూతురు లిలీ. ఆ పాత్రలో బార్బరా స్టాన్విక్ నటించారు. అదే దుకాణంలో పనిచేసే చికో పాత్ర హారిస్‌ది. తండ్రి చికోను పనిలోంచి తీసేస్తానని బెదిరిస్తే, ఆమె వెళ్తే తానూ వెళ్తానని లిలీ తెగేసి చెబుతుంది. తండ్రి చనిపోయాక ఇద్దరూ గూడ్సు బండి ఎక్కి న్యూయార్క్ చేరుకుంటారు. ఒక బ్యాంకులో లిలీ మగవాళ్లను మెట్లుగా చేసుకుని అంతస్తు మీద అంతస్తు ఎక్కుతుంది. ఆమె సంపద పెరిగేకొద్దీ చికో పనిమనిషి దుస్తుల్లోకి మారుతుంది. కానీ ఇద్దరి మధ్య చనువు పోదు. చికోను వదిలించుకోమని ఒక ప్రియుడు సలహా ఇస్తే, ఆమె ఇక్కడే ఉంటుందని లిలీ ఒక్క ముక్కలో తోసిపుచ్చుతుంది. సినిమా అంతటా మగవాళ్లు మారుతుంటారు, చికో మారదు. ఒక తెల్ల స్త్రీకీ ఒక నల్ల స్త్రీకీ మధ్య స్నేహాన్ని ఇంత సూటిగా చూపించిన స్టూడియో చిత్రాలు ఆ రోజుల్లో అరుదు.

ఇదే సినిమాలో బ్యాంకు ఉద్యోగిగా జాన్ వేన్ కాసేపు కనిపిస్తారు. నిడివిలోనూ కథలోనూ హారిస్ పాత్ర ఆయన పాత్ర కంటే చాలా పెద్దది. ఆరేళ్ల తర్వాత 1939లో 'స్టేజ్‌కోచ్'తో వేన్ తారగా ఎదిగారు. అప్పటికి హారిస్ ఇంకా ట్రే పట్టుకుని తలుపు తీసే పాత్రల్లోనే ఉన్నారు. ఒకే చోట మొదలైన ఇద్దరికి తెరిచి ఉన్న దారులు ఎంత వేరో చెప్పడానికి వేరే లెక్కలు అక్కర్లేదు.

రెండోది ఎంజీఎం చిత్రం 'హోల్డ్ యువర్ మ్యాన్'. జీన్ హార్లో, క్లార్క్ గేబుల్ జంటగా నటించారు. మహిళల సంస్కరణ కేంద్రంలో హార్లో తోటి ఖైదీ లిలీ మే క్రిపెన్‌గా హారిస్ నటించారు. ఆమె మతబోధకుడి కూతురు. ఇక్కడ ఆమె ఎవరికీ సేవకురాలు కాదు. మిగతా అమ్మాయిల్లో ఒకరిగా, వాళ్లతో సమానంగా మాట్లాడుతుంది.

మూడోది ఆర్‌కేఓ హాస్యచిత్రం 'ప్రొఫెషనల్ స్వీట్‌హార్ట్'. రేడియోలో పవిత్రతకు ప్రతిరూపంగా ప్రచారమైన గాయని పాత్ర జింజర్ రోజర్స్‌ది. ఆమెకు లోపల హార్లెమ్ వెళ్లి సరదాగా గడపాలని కోరిక. ఆమె పనిమనిషి వెరా పాత్ర హారిస్‌ది. జాజ్ ఎలా పాడాలో, హొయలు ఎలా ఒలికించాలో యజమానురాలికి నేర్పేది వెరానే. ఒక దశలో రోజర్స్ స్థానంలో వెరా మైకు ముందుకు వచ్చి పాడుతుంది. కథను ఇంతగా నడిపిన పాత్రకు టైటిల్స్‌లో పేరు లేదు.

పేరు ఎందుకు వేయలేదు?

ఈ రోజుల్లో సినిమా చివర లైట్‌బాయ్ నుంచి డ్రైవరు దాకా అందరి పేర్లూ తెర మీద నడుస్తాయి. స్టూడియోల కాలంలో ఆ పద్ధతి లేదు. సినిమా మొదట్లో వచ్చే కొద్దిపాటి టైటిల్ కార్డుల్లో పట్టేది ప్రధాన పాత్రధారుల పేర్లే. చిన్న పాత్రలు వేసిన తెల్లవారి పేర్లూ చాలాసార్లు ఉండేవి కావు. కానీ పాత్ర పెద్దదైనా పేరు లేకపోవడం నల్లజాతి నటుల విషయంలో మామూలు వ్యవహారం.

దీని పర్యవసానం గుర్తింపుతో ఆగలేదు. పేరు లేకపోతే సమీక్షలో ప్రస్తావన రాదు. ప్రస్తావన రాకపోతే ప్రేక్షకులకు పేరు తెలియదు, స్టూడియోకు ఉత్తరాలు రావు. తర్వాతి సినిమాకు బేరమాడే బలం ఉండదు. ప్రతి సినిమా మళ్లీ మొదటి సినిమానే అవుతుంది. ఎనభై చిత్రాల అనుభవం ఉన్నా మెట్టు ఎక్కలేకపోవడానికి ఈ వలయం ఒక ముఖ్య కారణం.

కోడ్ అమలు, మూసుకున్న దారులు

హాలీవుడ్ స్టూడియోలు 1930లోనే ప్రొడక్షన్ కోడ్ పేరుతో స్వీయ నియంత్రణ నియమావళి రాసుకున్నాయి. అందులో తెల్ల, నల్ల జాతుల మధ్య లైంగిక సంబంధాలను చూపించరాదన్న నిబంధన ఉంది. నాలుగేళ్ల పాటు కోడ్‌ను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 'బేబీ ఫేస్' వంటి సినిమాలు వచ్చింది ఆ సందులోనే. ఆ సినిమాను న్యూయార్క్ సెన్సార్ తిరస్కరించడంతో మార్పులు, కోతలు చేసి విడుదల చేయాల్సి వచ్చింది. 1934 జులై నుంచి జోసెఫ్ బ్రీన్ నాయకత్వంలో కోడ్ కచ్చితంగా అమలైంది. ఆమోద ముద్ర లేని సినిమాకు పెద్ద థియేటర్లు దొరకడం కష్టమైంది.

ఆ ఒక్క నిబంధన నల్లజాతి నటీమణుల భవిష్యత్తును ఎలా నిర్ణయించిందో గమనించాలి. హాలీవుడ్ కథకు ఇంధనం ప్రేమ. కథానాయకుడు తెల్లవాడే అయి ఉంటాడు. అతనితో ప్రేమ నిషిద్ధమైతే నల్ల నటి కథానాయిక కాలేదు, ప్రతినాయిక కాలేదు, ప్రేమకు అడ్డువచ్చే మూడో మనిషి కూడా కాలేదు. మిగిలేది ఇంట్లో పనిచేసే మనిషి. దీనికి వ్యాపార లెక్క కూడా తోడైంది. దక్షిణాది రాష్ట్రాల్లో థియేటర్లు విడిగా నడిచేవి. అక్కడి ప్రేక్షకులకు, స్థానిక సెన్సార్లకు కోపం తెప్పించే సన్నివేశాలను స్టూడియోలు ముందుగానే తప్పించుకునేవి. 1942లో ఎంజీఎంతో ఒప్పందం చేసుకున్న లీనా హోర్న్ పాటలను కథతో సంబంధం లేకుండా విడిగా చిత్రీకరించేవారు. దక్షిణాదిలో వాటిని కత్తిరించినా కథ దెబ్బతినకూడదన్నదే అందులో ఆలోచన.

పనిమనిషి పాత్రల్లోనూ ఒక మూస ఉండేది. లావుగా, వయసు మళ్లి, యాసతో మాట్లాడుతూ, ఇంటిని తల్లిలా చూసుకునే స్త్రీ కావాలి. లూయిస్ బీవర్స్, హ్యాటీ మెక్‌డేనియల్ ఆ మూసలోనే గొప్ప నటన చూపించారు. 'గాన్ విత్ ద విండ్' చిత్రానికి 1940లో మెక్‌డేనియల్ ఆస్కార్ అందుకున్నారు. ఆ పురస్కారం పొందిన మొదటి నల్లజాతి వ్యక్తి ఆమె. ఆ రాత్రి కూడా ఆమెను మిగతా తారాగణంతో కాకుండా వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. హారిస్ సన్నగా, యవ్వనంలో, ఆధునికంగా కనిపించేవారు. ఆ మూసలో ఆమె ఇమడలేదు. మూస బయట ఆమెకు పాత్ర లేదు.

సొంత సమాజం తీసిన సినిమా

1937లో హారిస్‌కు వేరే అవకాశం వచ్చింది. నల్లజాతి ప్రేక్షకుల కోసం నల్లజాతి తారాగణంతో తీసే సినిమాలను అప్పట్లో 'రేస్ ఫిల్మ్స్' అనేవారు. పెట్టుబడి తక్కువ, ప్రదర్శించే థియేటర్లూ వేరు. రాల్ఫ్ కూపర్ ప్రధాన పాత్రలో మిలియన్ డాలర్ ప్రొడక్షన్స్ తీసిన నేర కథాచిత్రం 'బార్గెయిన్ విత్ బులెట్స్'లో ఆమె ముఖ్య పాత్ర పోషించారు.

ఆ సందర్భంగా పాత్రికేయురాలు ఫే జాక్సన్‌తో ఆమె మనసు విప్పి మాట్లాడారు. హాలీవుడ్‌లో పనిమనిషి పాత్ర దాటి ఎదిగే అవకాశం తనకు దొరకలేదని, ఎటు చూసినా తన రంగే అడ్డువచ్చిందని చెప్పారు. పాడగలిగేవాళ్లు వందలమంది ఉన్నారని, తనకు కావలసింది నటి అనిపించుకోవడమని, అలాంటి పాత్రలు హాలీవుడ్ వద్ద లేవని అన్నారు. స్టూడియోల పిలుపు మీద బతికే నటి పత్రికలో ఇలా మాట్లాడటం మామూలు సాహసం కాదు.

అయితే రేస్ ఫిల్మ్స్ మార్కెట్ చిన్నది. దాని మీద మాత్రమే ఆధారపడి నటి జీవితం గడవదు. హారిస్ తిరిగి స్టూడియోలకే వెళ్లారు.

ఇచ్చిన చోటులోనే

1938లో విలియం వైలర్ తీసిన 'జెజెబెల్'లో బెట్టీ డేవిస్ పనిమనిషి జెట్టీగా ఆమె కనిపిస్తారు. అంతర్యుద్ధానికి ముందటి న్యూ ఓర్లియన్స్ కథ అది. యజమానురాలి ఎర్ర గౌను మీద జెట్టీ మనసు పడటం సినిమాలో ఒక చిన్న ఘట్టం. ఆ పాత్రకు డేవిస్ ఆస్కార్ గెలుచుకున్నారు.

జాక్ బెన్నీ రేడియో కార్యక్రమంలో రోచెస్టర్‌గా దేశమంతా తెలిసిన ఎడ్డీ యాండర్సన్‌తో ఆమె జోడీ బాగా కుదిరింది. 1940లో వచ్చిన 'బక్ బెన్నీ రైడ్స్ అగైన్'లో ఇద్దరూ కలిసి ఒక పాటకు పలు రీతుల్లో నాట్యం చేస్తారు. రంగస్థలం మీద నేర్చినదంతా ఆ కొద్ది నిమిషాల్లో బయటపడుతుంది. మరుసటి ఏడాది రెనే క్లేర్ దర్శకత్వంలో వచ్చిన 'ద ఫ్లేమ్ ఆఫ్ న్యూ ఓర్లియన్స్'లో మార్లీన్ డీట్రిచ్ సేవకురాలు క్లెమెంటైన్ పాత్ర వేశారు. యజమానురాలి పన్నాగాల్లో క్లెమెంటైన్ సగం భాగస్వామి.

తర్వాత చెప్పుకోవలసింది ఆర్‌కేఓలో నిర్మాత వాల్ లూటన్, దర్శకుడు జాక్ టర్నర్ కలిసి తీసిన చౌక బడ్జెట్ భయానక చిత్రాల గురించి. 'క్యాట్ పీపుల్' (1942)లో ఆమె హోటల్ సర్వర్ మిన్నీ. పాత్ర చిన్నదే. కానీ కృత్రిమ యాస లేదు, వెకిలి హాస్యం లేదు. పని తెలిసిన మామూలు మనిషి మామూలు భాషలో మాట్లాడుతుంది. 'ఐ వాక్డ్ విత్ ఎ జాంబీ' (1943)లో కరీబియన్ ద్వీపంలోని తెల్ల కుటుంబం ఇంట్లో పనిచేసే ఆల్మా. కొత్తగా వచ్చిన నర్సును ఆమె కాలివేలు పట్టుకుని నిద్రలేపుతుంది. ఉలిక్కిపడకూడదని గుండెకు దూరంగా ఉన్న చోట తాకానని వివరిస్తుంది. వైద్యం చేతకాని చోట ద్వీపవాసుల ఆరాధనా స్థలానికి వెళ్లే దారి చూపేది కూడా ఆల్మానే. ఆ ఇంటి రహస్యం యజమానుల కంటే ఆమెకే ఎక్కువ తెలుసునన్న భావన కలుగుతుంది.

టర్నర్ 1947లో తీసిన 'అవుట్ ఆఫ్ ద పాస్ట్'లో ఆమెకు దక్కింది ఒకే ఒక్క సన్నివేశం. పారిపోయిన స్త్రీ కోసం వెతుకుతూ రాబర్ట్ మిచమ్ హార్లెమ్ క్లబ్‌కు వస్తారు. ఆ స్త్రీ దగ్గర పనిచేసిన యూనిస్ అక్కడ స్నేహితుడితో కూర్చుని ఉంటుంది. చక్కగా ముస్తాబైంది, డ్యూటీలో లేదు. యజమానురాలు ఫ్లోరిడా వెళ్లిందని చెబుతుంది. ఆమె టీకా వేయించుకున్న సంగతి కూడా మాటల్లో దొర్లుతుంది. ఫ్లోరిడాకు టీకా ఎందుకని ఆలోచించిన డిటెక్టివ్ మెక్సికోకు బయల్దేరతాడు. కథ మొత్తం మలుపు తిరిగేది ఈ సమాచారంతోనే. యూనిస్ ఎంత చెప్పాలో అంతే చెబుతుంది. ఆ మర్యాదలోనే ఒక జాగ్రత్త కనిపిస్తుంది. ఈ పాత్రకూ తెర మీద పేరు లేదు.

దాచుకోగలిగినవారు, దాచుకోనివారు

ఆ కాలపు జాతి గీతను అర్థం చేసుకోవడానికి మరో ఇద్దరు నటీమణులను పక్కన పెట్టి చూడాలి. 1911లో బొంబాయిలో పుట్టిన మెర్ల్ ఒబెరాన్ తన దక్షిణాసియా మూలాలను దాచి, టాస్మేనియాలో పుట్టానని ప్రపంచాన్ని నమ్మించారు. 'ద డార్క్ ఏంజెల్' (1935)కు ఉత్తమ నటి ఆస్కార్ నామినేషన్ కూడా పొందారు. నిజం బయటపడితే తారగా ఆమె పని ముగిసినట్టే. జీవితమంతా ఆ భయంతో గడిపారు. మరోవైపు, 'ఇమిటేషన్ ఆఫ్ లైఫ్' (1934)లో నటించిన ఫ్రెడీ వాషింగ్టన్ తెల్లగా ఉండేవారు. తెల్లజాతి స్త్రీగా చెప్పుకోవడానికి ఆమె ఒప్పుకోలేదు. కొన్నేళ్లలోనే సినిమాలకు దూరమయ్యారు.

హారిస్‌కు ఆ ఎంపిక కూడా లేదు. దాచుకునే వీలు లేనివారికి పరిశ్రమ ఇచ్చిన చోటు తలుపు పక్కన. ఒబెరాన్‌కు దక్కినది, హారిస్‌కు దక్కనిది ఒకే నిబంధన ఫలితాలు.

చివరి దశ

1942లో పౌరహక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ నాయకుడు వాల్టర్ వైట్ స్టూడియోల అధిపతులను కలిసి, నల్లవారిని సేవకులుగా మాత్రమే చూపించే ధోరణి మార్చాలని కోరారు. సానుకూల స్పందన వచ్చింది. కానీ ఆచరణ నత్తనడక నడిచింది. ఆ పాత్రల మీదే జీవనం సాగిస్తున్న నటులకు ఇది ఇబ్బందికర పరిస్థితి. మూస పోవాలని వారూ కోరుకున్నారు. మూసతోపాటు ఉన్న పని పోతే బతుకెలా అన్నది కూడా వారి ప్రశ్నే. హ్యాటీ మెక్‌డేనియల్ ఈ వివాదంలో చాలా విమర్శలు ఎదుర్కొన్నారు.

హారిస్ 1950ల్లోనూ చిన్న పాత్రలు చేస్తూ వచ్చారు. జాతుల మధ్య సంబంధాల మీద నిషేధాన్ని 1956లో కోడ్ నుంచి తొలగించారు. అప్పటికి ఆమెకు యాభై ఏళ్లు. 1958లో వచ్చిన 'ద గిఫ్ట్ ఆఫ్ లవ్' ఆమె చివరి చిత్రం. అందులోనూ టైటిల్స్‌లో పేరు లేదు. వైద్యుడిని వివాహమాడిన ఆమె తర్వాత సినిమాలకు దూరంగా జీవించారు. 1985 అక్టోబరు 8న కాలిఫోర్నియాలోని ఇంగిల్‌వుడ్‌లో కన్నుమూశారు.

మళ్లీ వెలుగులోకి

2004లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సేకరణలో 'బేబీ ఫేస్' సెన్సార్ కోతలకు ముందటి నెగెటివ్ బయటపడింది. విడుదలైన ప్రతి కంటే అది కొన్ని నిమిషాలు ఎక్కువ. గూడ్సు బండి సన్నివేశం పూర్తి రూపం అందులో ఉంది. లిలీ రైల్వే మనిషిని లొంగదీసుకుంటుంటే, చికో పక్కకు వెళ్లి పాట అందుకుంటుంది. 2005లో ఈ సినిమాను నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీలో చేర్చారు. 'అవుట్ ఆఫ్ ద పాస్ట్', 'క్యాట్ పీపుల్' అంతకుముందే ఆ జాబితాలో ఉన్నాయి. 'జెజెబెల్' 2009లో చేరింది. దేశం భద్రపరచుకోదగినవిగా ఎంచిన ఈ నాలుగు సినిమాల్లోనూ హారిస్ ఉన్నారు.

రెండుసార్లు పులిట్జర్ అందుకున్న నాటక రచయిత్రి లిన్ నాటేజ్‌ను ఆలోచింపజేసింది కూడా 'బేబీ ఫేస్'లోని హారిస్ నటనే. తెల్ల తార దగ్గర పనిమనిషిగా ఉంటూ సినిమాల్లో పాత్ర కోసం ప్రయత్నించే నల్లజాతి నటి కథను ఆమె 'బై ద వే, మీట్ వెరా స్టార్క్' పేరుతో నాటకంగా రాశారు. 2011లో అది న్యూయార్క్‌లో ప్రదర్శితమైంది.

టైటిల్స్‌లో లేని పేర్లను సినిమా చూసి, ముఖం గుర్తుపట్టి, పాత పత్రికలు తిరగేసి పరిశోధకులు ఒక్కొక్కటిగా చేరుస్తున్నారు. ఇప్పటి సినీ జాబితాల్లో 'ప్రొఫెషనల్ స్వీట్‌హార్ట్' తారాగణం వెతికితే వెరా పాత్ర పక్కన థెరిసా హారిస్ పేరు ఉంటుంది. దాని వెంటే బ్రాకెట్లలో, టైటిల్స్‌లో పేరు వేయలేదన్న చిన్న వివరం కూడా ఉంటుంది.